మెదక్ చర్చికి అమ్మను తీసుకెళ్తున్నాం – ఏ పూట వెళ్ళాలి, ఏం చూడాలి?

ప్రయాణపిచ్చి
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాం. మా అమ్మ మిషన్ స్కూల్లో చదువుకుంది. అప్పట్లో వాళ్ళ తరగతి గోడమీద మెదక్ చర్చి బొమ్మ ఉండేదట. "ఇంత దగ్గరకొచ్చి కూడా చూపించవేమే" అని దెప్పుతోంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. మేం క్రైస్తవులం కాదు, లోపలికి వెళ్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారా? ఆదివారం మంచిదా, మామూలు రోజా? కారులో నర్సాపూర్ మీదుగా వెళ్ళాలా, తూప్రాన్ మీదుగానా? మా వారేమో "బయట నిలబడి నాలుగు ఫొటోలు తీసుకుంటే సరిపోదా" అంటున్నారు. చూసినవాళ్ళు చెప్పండి.

మెతుకుసీమ
అక్కా, మా ఊరికి రండ్రి. కూకట్‌పల్లి నుంచైతే బాలానగర్, గండిమైసమ్మ, నర్సాపూర్ దారే మీకు దగ్గర. నర్సాపూర్ దాటంగనే అడివి వస్తది, రోడ్డు మంచిగుంటది. తూప్రాన్ దారి మేడ్చల్ దిక్కు ఉండెటోళ్ళకు లాభం. వాళ్ళు రామాయంపేట కాడ హైవే దిగుతరు. బస్సులు జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఉన్నయి. అక్కన్నపేట నుంచి మెదక్ దాకా రైలు పట్టా ఏసిన్రు, 2022ల మొదలైంది, కాచిగూడ నుంచి బండి వస్తది. కానీ రైలు టైము చూసుకుని రావాలె, మనకు కావాల్సిన పొద్దుకు అది ఉండదు.

లోపలికి పోతే ఎవ్వలు ఏమనరు. ఏడుపాయల దుర్గమ్మ కాడికి పోయెటోళ్ళు ఒక పూట ఇక్కడ ఆగి మొక్కి పోతరు, ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటది, ఆ టైముల తిరుక్కుంట చూడనీయరు, చూడొద్దు కూడా. మామూలు రోజు రండ్రి. ముందర మెట్లున్నయి, అమ్మకు చెయ్యి పట్టండ్రి. లోపల కూసునేటందుకు బెంచీలకు కొదువ లేదు.

రంగుటద్దం
మీవారికి నా విన్నపం: బయటి ఫొటోలు ఎవరి ఫోన్లో చూసినా దొరుకుతాయి. ఆ గుడిలో అసలు సంగతి మూడు రంగుటద్దాల కిటికీలు. వాటికోసమైనా లోపలికి వెళ్ళాలి. పైగా ఏ పూట వెళ్తారన్నదాన్ని బట్టి మీరు చూసేది మారిపోతుంది.

వేదిక ఉత్తరాన ఉంటుంది. మీరు దానికి ఎదురుగా నిలబడితే ఎదురుగా క్రీస్తు పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం, ఎడమ చేతివైపు, అంటే పడమట, పశువుల పాకలో పుట్టుక, కుడివైపు తూర్పున సిలువ. తూర్పు కిటికీకి ఉదయం ఎండ కావాలి. పడమటి కిటికీ మధ్యాహ్నం దాటాకే మేలుకుంటుంది. ఉత్తరపు కిటికీకి నేరుగా ఎండ తగలడం తక్కువ కాబట్టి రోజంతా ఒకే తీరులో, కాస్త నెమ్మదిగా వెలుగుతుంది. ఒక్క పూటే ఉంటారంటే నేను ఉదయానికే ఓటేస్తాను. సిలువ కిటికీలో ఎరుపు, నీలం వెలిగినట్టు మిగతా రెంటిలో వెలగవు. ఇది నా అభిరుచి, ఒప్పుకోకపోయినా తప్పులేదు. సూర్యుడు దిగాక వెళ్తే మూడూ నల్లటి పలకలు. బయటి నుంచి చూసినా అంతే, సీసపు పట్టీల గీతలు తప్ప ఏమీ కనిపించవు.

గీసినది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాజులకు, అధ్యక్షులకు నిలువెత్తు బొమ్మలు వేసిన మనిషి. అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో పని నేర్చుకుని పైకొచ్చాడు. స్వయంగా మెథడిస్టు కూడా, అంటే ఈ గుడి కట్టించిన ప్రొటెస్టెంటు శాఖవాడే. మూడు కిటికీలూ ఒకేసారి రాలేదు. ఎదుటిది 1927లో, పుట్టుక 1947లో, సిలువ 1958లో పెట్టారు. మొదటి రెండూ వచ్చినప్పుడు మెదక్ నిజాం రాజ్యం. మూడోది వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్.

లోపల కెమెరా తీసేముందు అక్కడున్న వాళ్ళను అడగండి. ఒక్కోసారి ఒప్పుకుంటారు, ఒక్కోసారి వద్దంటారు.

సత్యశోధి
వెళ్ళేముందు ఒక హెచ్చరిక. అక్కడ ఎవరో ఒకరు "ఇది ఆసియాలోకెల్లా పెద్ద చర్చి, వాటికన్ తర్వాత రెండోది" అని చెబుతారు. వార్తల్లో కూడా ఏటా క్రిస్మస్‌కి ఇదే వాక్యం. ఏది పెద్ద? గుడా, డయోసిసా? డయోసిస్ అంటే ఒక బిషప్పు చేతికింద ఉండే ప్రాంతం. విస్తీర్ణం లెక్కన అయితే వాటికన్ అర చదరపు కిలోమీటరు కూడా లేదు, మన మండలంలో ఒక చిన్న ఊరంత. జనం లెక్కన అయితే ఏ డయోసిస్‌తో పోలుస్తున్నారో చెప్పాలి. పైగా మెదక్‌ది దక్షిణ ఇండియా సంఘం, ప్రొటెస్టెంటు. వాటికన్‌తో దానికి సంబంధమే లేదు. మంచి కట్టడానికి ఇలాంటి బిరుదులు తగిలించి పలచన చేస్తున్నాం.

కట్టడాలకథ
@సత్యశోధి బిరుదుల సంగతి వదిలేసినా లెక్కలు చాలు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గంటగోపురం 175 అడుగులు. లోపల 5 వేల మంది దాకా పడతారు. 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. ఈ పదేళ్ళలో మొదటి ప్రపంచయుద్ధం, కరువు, ఇన్‌ఫ్లుయెంజా అన్నీ నడిచాయి. ఆ రోజుల్లో మెదక్‌కి రైలు లేదని గుర్తుపెట్టుకోండి.

నేను సివిల్ ఇంజనీర్ని, కాబట్టి నా చూపు కిటికీల కంటే స్తంభాల మీదే ఉంటుంది. అమ్మగారిని బెంచీ మీద కూర్చోబెట్టి మీరు తల పైకెత్తండి. కమానుల కొసలు మొనదేలి ఉంటాయి. గుండ్రటి కమాను బరువును పక్కలకు తోస్తుంది, గోడ లావుగా ఉంటే తప్ప ఆగదు. మొనదేలిన కమాను అదే బరువును ఎక్కువ భాగం కిందికి పంపుతుంది. అందుకే గోడను పలచన చేసి అంత పెద్ద కిటికీలకు చోటు ఇవ్వగలిగారు. మిగిలిన తోపుడును బయట గోడకు ఆనించి కట్టిన రాతి ఊతలు పట్టుకుంటాయి. బయట చుట్టూ తిరిగితే అవి కనిపిస్తాయి. ఎక్కువమంది వాటిని అలంకారం అనుకుంటారు. అవి లేకపోతే పైకప్పు పక్కకు ఒరుగుతుంది.

ఇంకోటి, నేల. రంగురంగుల మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి తెప్పించి, పరచడానికి ఇటలీ మేస్త్రీలను పిలిపించారు. రాయి మాత్రం చెక్కిన బూడిదరంగు గ్రానైట్. మన దక్కను గుట్టల రాయి ఎంత మొండిదో ఉలి పట్టినవాళ్ళకే తెలుసు. ఇంగ్లండులో ఇలాంటి మొనకమానుల గోతిక్ గుళ్ళు చాలావాటికి వాడింది సున్నపురాయి, ఇసుకరాయి. అవి మెత్తన, పూలూ ఆకులూ సులువుగా చెక్కొచ్చు. గ్రానైట్‌లో ఆ నాజూకు రాదు. మెదక్‌లో నగిషీ తక్కువగా, కొలతలే అందంగా ఉండటానికి సగం కారణం ఈ రాయేనని నా నమ్మకం.

బొల్లారంబస్సు
చార్మినార్ కథ ఇంకా ఎవరూ ఎత్తలేదేం? నిజాం సర్కారు వాళ్ళు "చార్మినార్ కంటే ఎత్తు కట్టకూడదు" అని అడ్డం పడ్డారని, గుడి కట్టించిన పోస్నెట్ దొర తెలివిగా ఏదో సర్దుకున్నాడని మా తాతయ్య చెప్పేవారు.

సత్యశోధి
ఎత్తాలా, ఎత్తుతాను. ఈ కథ నేను రెండు రకాలుగా విన్నాను. ఒకదాంట్లో గోపురం చార్మినార్‌ని మించిపోయిందని ప్రభువుకు కోపం వస్తుంది. ఇంకోదాంట్లో మించకుండా తగ్గించి కడతారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు కదా. 175 అడుగులంటే 53 మీటర్లు. చార్మినార్ 56 మీటర్లని చెబుతారు. అంటే గుడే కాస్త పొట్టి. అప్పటి ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1911లో గద్దె ఎక్కాడు, ఈ పని మొదలైంది 1914లో. కథకు కాలం సరిపోయింది, కాబట్టి జనం అల్లుకున్నారు.

మెతుకుసీమ
అల్లుకున్నరో నిజమో గానీ మా ఊళ్ళె పిల్లగాని నుంచి ముసలోళ్ళ దాకా అందరు చెప్పేది రెండో తీరే. పెద్దసారు ఊకోడని చిన్నగ చేసిన్రని. మీరు మీటర్లు తెచ్చి మా కథ కరాబు చెయ్యకున్రి :)

గోదారిగట్టు
అందరూ కట్టడం గురించే మాట్లాడుతున్నారు. ఒక చేదు ప్రశ్న అడగనా? కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకు గింజలిచ్చి పని చేయించి, మతం మార్చి, ఆ చెమట మీద లేచిన గుడి కాదా ఇది? దాన్ని ఇంత మురిపెంగా చూడటం నాకు మింగుడు పడదు.

నిర్వాహకుడు
ప్రశ్న న్యాయమైనదే. జవాబులు కూడా మర్యాదగా ఉండాలి. మతాల మీద తిట్లు మొదలైతే ఆ వ్యాఖ్యలు తీసేస్తాను.

మెతుకుసీమ
నేను చెప్త. మా ముత్తాత ఈ గుడికి రాళ్ళు మోసిండు. మేము మాదిగోళ్ళం.

పోస్నెట్ దొర 1895ల సికింద్రాబాద్ వచ్చిండు. మొదాలు తిరుమలగిరిల తెల్ల సిపాయిలకు బోధకుడు. ఆ పని నచ్చక పల్లెలు పట్టిండు, 1896ల మెదక్ చేరిండు. గుర్రం మీద రెండు దినాల తొవ్వ అని చెప్తరు. గుడి పని మొదలైంది 1914ల. నడుమ ఎన్నేండ్లున్నయో లెక్కపెట్టుకోండ్రి. మా మాల మాదిగ వాడలు గుంపులు గుంపులుగ కలిసింది ఆ నడుమ ఏండ్లల్లనే మొదలైంది, ఈ కరువు పని కన్నా ముందుగాల్నే. ఊర్లె బడికి పోనీయని కాలంల బడి పెట్టిన్రు. ముట్టుకుంటె మైల పడుతమనే రోజుల్ల చెయ్యి పట్టి నాడి చూసిన్రు. ఆకలి ఒక్కటే అయితె కరువు పోయినంక అందరు ఎనుకకు పోయెటోళ్ళు. పోలే.

ఇగ గింజల సంగతి. అవును, కరువుల పని పెట్టిన్రు, పనికి తిండి పెట్టిన్రు. ఆ పనికి మతం అడగలేదని మా ఇంట్ల చెప్తరు. ఊర్ల తుర్కోళ్ళు, బోయోళ్ళు, వడ్డెరోళ్ళు అందరు వచ్చిన్రంట. రాయి కొట్టుడు వడ్డెరోళ్ళ పని, వాళ్ళు లేకుంటె ఒక్క బండ లేవకపోవు. మా ముత్తాతకు పుణ్యం దొరికిందో లేదో నాకు ఎర్క లేదు, పిల్లలకు గంజి అయితె దొరికింది. గోదారిగట్టు అన్నకు మింగుడు పడదంటె నాకు కోపం లేదు. కానీ ఆ చెమట మాది. దాన్ని మురిపెంగ చూసే హక్కు కూడ మాదే. నాకు బాధ ఎక్కడంటె, పలకల మీద దొర పేరున్నది, మా వాళ్ళ పేర్లు ఒక్కటి లేవు.

గోదారిగట్టు
మీ మాట తలకెక్కింది. "మురిపెం" అని తేలిగ్గా అనేశాను. పేర్ల సంగతి మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. తాజ్‌మహల్ దగ్గర్నుంచీ ఇదే కథ అనుకోండి.

కట్టడాలకథ
మెతుకుసీమ గారి మాటకు ఒక సాంకేతిక సాక్ష్యం కలుపుతాను. లోపల గ్యాలరీని మోసే స్తంభాల దగ్గరికి వెళ్ళి రాయికీ రాయికీ మధ్య అతుకు చూడండి, ఎంత సన్నంగా ఉందో. కరువు పనికి కొత్తగా వచ్చిన చేతులతో ఆ అతుకు రాదు. మోసినవాళ్ళు వేరు, చెక్కినవాళ్ళు వేరు. చెక్కినవాళ్ళు తరతరాలుగా పని తెలిసినవాళ్ళు. నక్షా ఇంగ్లండుది కావచ్చు, ఈ గ్రానైట్ ఎటు కొడితే ఎటు చీలుతుందో ఆ నక్షాలో రాసి ఉండదు.

డోర్నకల్‌జంక్షన్
ఇంత చర్చ జరిగి మా ఊరి పేరు రాకపోతే ఎలా? మెదక్ అద్భుతమే, కాదనను. కానీ అక్కడ నిలబడితే నాకెప్పుడూ "ఇది ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి పెట్టారు" అనిపిస్తుంది. డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ (అంటే బిషప్పు ఉండే ప్రధాన గుడి) చూడండి. బిషప్ అజరయ్య కట్టించింది, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మసీదు మినార్లను తలపించే బురుజులు, లోపల మన గుడి మండపంలో నిలబెట్టినట్టు రాతి స్తంభాలు, అవీ పన్నెండు, శిష్యుల లెక్కన. దూరం నుంచి చూస్తే ఏ మతానిదో చెప్పలేరు. చెప్పలేకపోవాలనే కట్టించాడు ఆయన.

అజరయ్య 1912లో బిషప్పు అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, భారతీయుల్లో మొదటివాడు. తిరునల్వేలి దిక్కు నుంచి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు. మెదక్ పూర్తయిన పదిహేనేళ్ళలోపే, అదే నిజాం రాజ్యంలో, అదే పేద జనం కోసం ఇంకో తీరు గుడి లేచింది. రెంటినీ వెంటవెంటనే చూస్తే గానీ తేడా ఎక్కదు.

మెతుకుసీమ
డోర్నకల్ అన్నా, మీ గుడి నేను చూసిన, మస్తుగుంటది. కానీ నూరేండ్లు మా పెండ్లిళ్ళు, మా సావులు అన్ని ఆ మొన కమాన్ల కిందనే అయినయి. ఇంక ఎప్పుడు మాదైతది?

డోర్నకల్‌జంక్షన్
దానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. ఒప్పుకున్నా.

మాంచెస్టర్‌మామ
ఇక్కడి నుంచి ఒక ముక్క. మెదక్ గుడి కట్టించిన వెస్లియన్ మెథడిస్టుల పుట్టిల్లు ఈ దేశమే కదా. జాన్ వెస్లీ గుడి తలుపులు మూసుకుంటే పొలాల్లో నిలబడి బొగ్గుగని కూలీలకు బోధించిన మనిషి. ఆ సంఘం వాళ్ళ పాత ప్రార్థనా మందిరాలు ఈ చుట్టుపక్కల ఎన్నో అమ్ముడుపోయాయి. కొన్ని అపార్ట్‌మెంట్లు, కొన్ని తివాచీల దుకాణాలు. మా వీధి చివర ఉన్నది ఇప్పుడు వ్యాయామశాల. ఇక్కడి ఆదివారపు కానుకల డబ్బు కొంత చేరి లేచిన మెదక్ గుడి మాత్రం క్రిస్మస్‌కి కిటకిటలాడుతోంది. మా పక్కింటి ముసలాయన మెథడిస్టు. ఫోన్లో మెదక్ ఫొటో చూపిస్తే చాలాసేపు పట్టుకుని చూసి, "ఇది మేం కట్టామా?" అన్నాడు. "మీరొక్కరే కాదులెండి" అన్నాను. ఈ దారం ముందే చదివి ఉంటే ఇంకాస్త గట్టిగా చెప్పేవాడిని.

సత్యశోధి
చిన్న చేర్పు. 1924లో ప్రతిష్ఠ జరిగినప్పుడు ఇది కెథెడ్రల్ కాదు. వెస్లియన్లకు బిషప్పులు లేరు, బిషప్పు లేనిదే ఆ హోదా ఎక్కడిది? 1947 సెప్టెంబరులో మెథడిస్టులు, ఆంగ్లికన్లు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యాకే మెదక్‌కు బిషప్పు వచ్చాడు, ఫ్రాంక్ విటేకర్. అంతకుముందు ఇరవైమూడేళ్ళు అది ఒక పల్లెపట్టు మిషన్ గుడి. ఒక చిన్న ఊళ్ళో, 5 వేల మంది పట్టే గుడి! దొరకు ధీమా ఎక్కువే.

బొల్లారంబస్సు
ప్రయాణపిచ్చి గారూ, అమ్మగారికి అంత దూరం కష్టమనిపిస్తే బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి చూపించండి, మీకు ఊళ్ళోనే. 1847 నాటిది, విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చింది. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున ఇక్కడికే ప్రార్థనకు వచ్చింది. చిన్నది, చెట్ల మధ్య ఉంటుంది. మెదక్‌తో పోలిక లేదు, కానీ మోకాళ్ళకు హాయి.

ప్రయాణపిచ్చి
ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. వెళ్ళొచ్చాం. నర్సాపూర్ దారే పట్టాం. ఉదయం చేరేసరికి మబ్బు. రంగుటద్దం గారు చెప్పిన సిలువ కిటికీ మసకగా ఉంది, మా వారు "దీనికోసమేనా" అన్నట్టు చూశారు. కాసేపటికి మబ్బు విడిపోయింది. ఆయన నోరు మూతపడింది. ఆ తర్వాత నన్ను కదలమన్నా ఆయనే కదల్లేదు.

కట్టడాలకథ గారి రాతి ఊతలు చుట్టూ తిరిగి చూశాం, పిల్లలు లెక్కపెట్టబోయి కొట్టుకున్నారు. అమ్మ బెంచీ మీద కూర్చుని, అక్కడ పూలు సర్దుతున్నావిడతో మాటల్లో పడింది. తీరా చూస్తే ఇద్దరూ బళ్ళో నేర్చుకున్న ఒకే కీర్తనను రెండు రాగాల్లో పాడుకుంటున్నారు, ఏది సరైన రాగమో తేలలేదు. మెతుకుసీమ గారూ, ఫలకాలు వెతికి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది.

ఇప్పుడు అమ్మకు కొత్త ఆశ పుట్టింది, క్రిస్మస్‌కి రావాలట. సాధ్యమేనా?

మెతుకుసీమ
సాధ్యమే కానీ తయారుగ ఉండాలె. క్రిస్మస్ నాడు తెల్లారకముందే మొదటి ఆరాధన ఉంటది. జిల్లా జిల్లాల నుంచి ముందురోజు రాత్రే వచ్చి మైదానంల పండుకుంటరు. 2024ల నూరేండ్ల పండుగకు ముఖ్యమంత్రి కూడ వచ్చిండు, ఆనాడు ఇసుక పోస్తే రాలనంత జనం. కారు చర్చి దాకా రానీయరు, ఎక్కడనో ఆపి నడవాలె. అమ్మ మోకాళ్ళకు అది అయితదా? నన్నడిగితె పండుగ తెల్లారి, అంటె 26నాడు రండ్రి. అలంకరణ అట్లనే ఉంటది, జనం సగం తగ్గుతరు. మధ్యాహ్నం దాటినంక రండ్రి, ఈసారి పుట్టుక కిటికీ చూడొచ్చు.

రంగుటద్దం
డిసెంబరులో పొద్దు తొందరగా వాలుతుంది. మూడు గంటలకల్లా లోపల ఉండేట్టు చూసుకోండి.